కుండీల్లో బెట్ట ప్రయోగం: మొక్క దప్పికను కొలిచే పద్ధతి

"పది రోజులు నీళ్లు ఆపాం, మొక్కలు వాడిపోయాయి" అన్న వాక్యం ఎక్కడ కనబడినా నా చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోతుంది. పది రోజులన్నది క్యాలెండర్ లెక్క. మొక్క దప్పిక లెక్క వేరు. ఒకే మట్టి, ఒకే కొలత కుండీ అయినా, గుబురుగా ఎదిగిన మొక్క నాలుగు రోజుల్లో నీళ్లన్నీ తాగేసి తల వాల్చేస్తుంది. పక్కనున్న బక్క మొక్కకు పదో రోజున కూడా వేళ్ల దగ్గర తేమ మిగిలే ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి "ఇది బెట్టను తట్టుకుంది, అది తట్టుకోలేదు" అంటే, అక్కడ కనబడేది తట్టుకునే గుణం కాదు, ఎవరికెన్ని ఆకులున్నాయన్నది.

నేను వృక్ష శరీరధర్మ ప్రయోగశాలలో పనిచేస్తాను. ఎక్కువగా అలసంద, టమాటా మీద, అప్పుడప్పుడూ పొద్దుతిరుగుడు మీద. కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి వారమంతా కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఖరీదైన యంత్రాలు లేకపోయినా ఇందులో చాలా భాగం చేయొచ్చు. కుండీలు తూచే కాటా, ఆకులు తూచే సున్నితమైన కాటా, ఎండబెట్టే ఓవెన్ మాత్రం ఉండి తీరాలి.

ముందు ప్రశ్న, తర్వాత నీళ్లు ఆపడం

నీళ్లు ఆపే ముందు మీ ప్రశ్నను ఒకే వాక్యంలో కాగితం మీద రాయండి. "ఈ రకం బెట్టను ఎలా తట్టుకుంటుంది?" అన్నది ప్రశ్న కాదు, కోరిక. మొక్కలు బెట్టను ఎదుర్కొనే దారులు మూడు. వాన వెళ్లేలోపే పూత, కాత ముగించుకుని తప్పుకునేవి కొన్ని. నేల ఎండుతున్నా తమ ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకునేవి కొన్ని: పత్రరంధ్రాలు మూసుకోవడం, వేళ్లు లోతుకు దింపడం, ఆకులు చుట్టుకోవడం, కొన్ని ఆకులు రాల్చేయడం. ఒంట్లో నీరు నిజంగానే తగ్గిపోయాక కూడా కణాలు చెడకుండా కాపాడుకునేవి ఇంకొన్ని. మూడో దారికి పరాకాష్ఠ క్రేటరోస్టిగ్మా లాంటి మొక్కలు. పెళపెళలాడే దాకా ఎండిపోయి, నీళ్లు తగలగానే మళ్లీ పచ్చబడతాయి. పంట మొక్కల ఆకులకు అంత శక్తి లేదు. వాటి విత్తనాలకు మాత్రం ఉంది.

ఈ విభజన పుస్తకాల కోసం కాదు, మీరు ఏం కొలవాలో తేల్చేది ఇదే. అలసంద రెండో దారి మొక్క. నేల కాస్త ఎండడం మొదలవగానే పత్రరంధ్రాలు బిగించేస్తుంది. ఆకులో నీటి శాతం మాత్రమే కొలిచినవాళ్లకు చాలా రోజులపాటు ఏ మార్పూ కనబడదు, "దీనికి బెట్ట తగల్లేదు" అనుకుంటారు. కానీ అది అప్పటికే తిండి తయారీ తగ్గించుకుని, ఎదుగుదల ఆపుకుని కూర్చుంది. పొద్దుతిరుగుడు ధోరణి వేరు. రంధ్రాలు తెరిచే ఉంచి కిరణజన్య సంయోగక్రియ సాగిస్తుంది, ఆ క్రమంలో ఆకులో నీటి శక్మం (నీరు ఎంత బిగువు మీద ఉందో చెప్పే కొలత; ఎండేకొద్దీ అది పడిపోతుంది) బాగా పడిపోనిస్తుంది. ఒక్క కొలతతో ఈ రెండింటినీ పోలిస్తే ఏదో ఒక మొక్కకు అన్యాయం జరుగుతుంది.

కుండీ, మట్టి

కుండీ చిన్నదైతే మీరు చదివేది బెట్ట గురించి కాదు, వేళ్లు ఇరుక్కుపోవడం గురించి. 2012లో పూర్టర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన 65 అధ్యయనాలను కలిపి చూశారు. కుండీ పరిమాణం రెట్టింపు చేస్తే మొక్క బరువు సగటున 43 శాతం పెరిగిందని తేలింది. లీటరు మట్టికి మొక్క ఎండు బరువు 1 గ్రాము దాటకుండా చూసుకోమని వాళ్ల సలహా. ప్రయోగం చివరికి మీ మొక్క ఎండు బరువు 3 గ్రాములు అవుతుందనుకుంటే కుండీ కనీసం 3 లీటర్లు ఉండాలి. అరలో చోటు చాలదని అర లీటరు కప్పుల్లో టమాటా పెంచి బెట్ట ప్రయోగం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మొక్కలకు నీళ్లు పోసిన రోజు కూడా సాయంత్రానికి దప్పికే.

ఎత్తు తక్కువ కుండీలతో ఇంకో చిక్కు. నీళ్లు కారడం ఆగాక కూడా కుండీ అడుగున ఒక పొర తడిసి ముద్దగా ఉండిపోతుంది. పొలంలో అయితే కింద ఉన్న నేల ఆ నీటిని లాక్కుంటుంది, కుండీకి కింద ఉన్నది గాలే. అందుకే బంకమట్టిని నేరుగా కుండీలో నింపితే వేళ్లకు గాలి అందదు. నేను మట్టికి సగానికి సగం ముతక ఇసుక కలుపుతాను, కుండీలు పొడుగ్గా ఉన్నవి ఎంచుకుంటాను. మట్టిని చేత్తో "నిండా" నింపొద్దు, తూచి నింపండి. ప్రతి కుండీలో ఒకే బరువు మట్టి, ఒకే రీతిలో తట్టి సర్దిన మట్టి ఉండాలి. ఈ పనిని చూసి కొత్తవాళ్లు నవ్వుకుంటారు. నెల తర్వాత లెక్కలు వేసేటప్పుడు నవ్వరు.

తూకం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఖాళీ కుండీని తూచండి. మట్టిలో కొంత తీసి 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఓవెన్‌లో ఎండబెట్టి, పొడిగా కనబడే మట్టిలో కూడా ఎంత నీరు దాగి ఉందో తెలుసుకోండి. తర్వాత మట్టి నింపిన కుండీకి అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, పైన ప్లాస్టిక్ కప్పి, రాత్రంతా వదిలేయండి. కారడం పూర్తిగా ఆగాక తూచండి. ఉదాహరణకు ఖాళీ కుండీ 180 గ్రాములు, పూర్తిగా ఎండిన మట్టి 2000 గ్రాములు, కారడం ఆగాక మొత్తం బరువు 2780 గ్రాములు అనుకుందాం. ఆ కుండీ పట్టి ఉంచగలిగిన నీరు 600 గ్రాములు. దాన్నే 100 శాతం అనుకుంటే, 40 శాతం దగ్గర కుండీ బరువు 2180కి 240 కలిపి 2420 గ్రాములు ఉండాలి. గాలికి ఆరిన మట్టిని "ఎండిన మట్టి" అనుకుని లెక్క వేస్తే, అందులో 3 శాతం తేమ ఉన్నా 60 గ్రాములు లెక్కకు అందకుండా పోతాయి. 600లో 60 అంటే పదో వంతు.

మొక్క బరువు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. చివరికొచ్చేసరికి 40 గ్రాముల పచ్చి మొక్క ఉంటే, ఆ 40 గ్రాములూ నీరేనని కాటా మనకు చెబుతుంది. అందుకని అదనంగా కొన్ని మొక్కలు పెంచి, వారానికోసారి కొన్నింటిని కోసి తూచి, ఆ సగటును తీసేయాలి.

మట్టి పైనుంచి ఆవిరయ్యే నీరు మొక్క తాగిన నీరు కాదు. పైన ముతక గులకరాళ్లో, చిల్లు పెట్టిన ప్లాస్టిక్ షీటో పరచండి. మొక్క లేని కుండీలు కొన్ని అదే విధంగా కప్పి మధ్యమధ్యలో పెట్టండి. అవి రోజుకు కోల్పోయే బరువును మిగతా వాటి నుంచి తీసేస్తే మిగిలేదే మొక్క బాష్పోత్సేకం, అంటే ఆకుల గుండా ఆవిరైపోయిన నీరు. రోజూ ఒకే వేళకు తూచాలి. నేను దీపాలు వెలిగే ముందు తూస్తాను. ఆ వేళకు మొక్కలు నిలకడగా ఉంటాయి, నన్ను పిలిచేవాళ్లూ ఉండరు.

ఇప్పుడు అసలు నిర్ణయం: నీటిని ఒక మట్టం దగ్గర నిలబెట్టాలా, మెల్లగా ఎండనివ్వాలా?

"40 శాతం దగ్గర నిలబెట్టాం" అని రాయడం సులువు. జరిగేది వేరు. ఎండిన కుండీకి పైనుంచి 80 గ్రాముల నీళ్లు పోస్తే, పై పొర పూర్తిగా తడుస్తుంది, కింది పొర ఎండుగానే ఉంటుంది. మట్టి అంతటా సమానంగా 40 శాతానికి రాదు. సగటు 40 కావచ్చు, కానీ ఏ వేరుకూ ఆ 40 తెలియదు. కొందరు సన్నటి గొట్టాలు లోతుకు దింపి నీళ్లు పోస్తారు, దాంతో కొంత మేలు. నాకు నచ్చేది మాత్రం మెల్లగా ఎండనివ్వడం. మొదటి రోజు అన్ని కుండీలూ నిండుగా తడిపి, తర్వాత ప్రతి రోజూ కోల్పోయిన బరువు చూసి, నికరంగా రోజుకు 60 గ్రాములకు మించి తగ్గకుండా మిగతా నీటిని తిరిగి పోస్తాను. 110 గ్రాములు తాగిన పెద్ద మొక్కకు 50 తిరిగి ఇస్తాను, 60 తాగిన చిన్న మొక్కకు ఏమీ ఇవ్వను. అలా పెద్దదీ చిన్నదీ ఒకే వేగంతో ఎండుతాయి. ఆ వేగం ముఖ్యం. రెండు రోజుల్లో ఎండిపోయిన మొక్కకు సర్దుకునే వ్యవధే దొరకదు. పొలంలో బెట్ట అలా రాదు.

ఈ పద్ధతిలో ఫలితాన్ని రోజుల మీద కాకుండా మిగిలిన నీటి వంతు మీద గీస్తాం. ఈ రోజు బరువులోంచి చివరి బరువు తీసేసి, దాన్ని మొదటి బరువుకీ చివరి బరువుకీ ఉన్న తేడాతో భాగించాలి. చివరి బరువు అంటే, ఎండుతున్న మొక్క బాష్పోత్సేకం నీళ్లున్న మొక్కలతో పోలిస్తే పదో వంతు కంటే తక్కువకు పడిపోయిన రోజు బరువు. నిలువు గీత మీద బాష్పోత్సేకం నిష్పత్తి, అడ్డ గీత మీద మిగిలిన నీటి వంతు. నీరు బాగా తగ్గేదాకా గీత బల్లపరుపుగా సాగి, ఒక చోట వంగి కిందికి దిగుతుంది. 1986లో సింక్లెయిర్, లడ్లో అలసందతో సహా నాలుగు ఉష్ణమండల పప్పుజాతి పంటల మీద ఈ తీరు చూపించారు. చాలా పంటల్లో ఆ వంపు 0.3, 0.4 ప్రాంతంలో వస్తుంది. మీ రెండు రకాల్లో ఒకటి 0.45 దగ్గర వంగి, ఇంకొకటి 0.28 దగ్గర వంగిందంటే, అప్పుడు మీ దగ్గర చెప్పుకోదగ్గ మాట ఒకటి ఉంది: మొదటిది ముందే జాగ్రత్తపడుతోంది, రెండోది చివరిదాకా ఖర్చు పెడుతోంది. ఏది మంచిదన్నది వాన ఎప్పుడొస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది, అది కాటా చెప్పదు.

పొట్టి మొక్క మాయ

జన్యువులు మార్చిన మొక్కలతో పనిచేసేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. బెట్టకు స్పందించే జన్యువులను నడిపించే డీఆర్‌ఈబీ1ఏ అనే ప్రోటీన్‌ను ఎప్పుడూ, అన్ని కణాల్లోనూ తయారయ్యేలా చేస్తే అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న ఆవజాతి మొక్క) మొక్కలు బెట్టనూ చలినీ ఉప్పునూ తట్టుకున్నాయి, కానీ గిడసబారిపోయాయి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ జన్యువును ఒత్తిడి వచ్చినప్పుడే మేలుకునే ఆర్‌డీ29ఏ ప్రమోటర్ (జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ ముక్క) కింద పెట్టి, ఎదుగుదల పెద్దగా దెబ్బతినకుండానే తట్టుకునే శక్తి రాబట్టారు. ఎదుగుదలను కూడా పక్కనే చూపించడం వల్లే ఆ పనికి బరువు వచ్చింది. గిడస మొక్క తక్కువ తాగుతుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. దానికి ఏ విశేష జన్యువూ అక్కర్లేదు.

దీనికి మందు చవకైనది: మార్చిన మొక్కనూ మామూలు మొక్కనూ ఒకే కుండీలో నాటండి. ఇద్దరి వేళ్లూ ఒకే మట్టిలో, ఒకే నీటి కోసం. అప్పుడు కూడా ఒకటి వాడి ఇంకొకటి నిలిస్తే, నేను కుర్చీ ముందుకు లాక్కుని వింటాను.

గాలి, చోటు, చెయ్యి

నేలలో నీరు ఒక వైపు. గాలి ఎంత గట్టిగా లాగుతోందన్నది రెండో వైపు. గాలిలో తేమ 50 శాతం అని రాసి ఊరుకుంటే చాలదు. 25 డిగ్రీల దగ్గర 50 శాతం తేమ అంటే ఆవిరి పీడన లోటు (గాలి ఇంకా ఎంత ఆవిరి పట్టగలదో చెప్పే కొలత) సుమారు 1.6 కిలోపాస్కల్. 35 డిగ్రీల దగ్గర అదే 50 శాతానికి సుమారు 2.8. మొక్కకు ఈ రెండూ ఒకటి కావు. ఉష్ణోగ్రత, తేమ రెండూ పది నిమిషాలకోసారి రాసుకునే చిన్న పరికరాన్ని మొక్కల ఎత్తులో, దీపం నేరుగా పడకుండా నీడ కట్టి వేలాడదీయండి. గది గోడకున్న మీటర్ గోడ సంగతి చెబుతుంది.

కుండీల చోట్లు లాటరీ వేసి నిర్ణయించండి. నీళ్లు పోసేవన్నీ ఒక వైపు, ఆపేవన్నీ ఇంకో వైపు పెడితే పని సులువే, కానీ ఫ్యాన్ గాలి ఒక వైపే కొడుతుంటే మీరు చూపించేది ఫ్యాన్ ప్రభావం. ఒకే కుండీలోని ఐదు మొక్కలు ఐదు పునరావృత్తులు (ప్రయోగాన్ని విడివిడిగా మళ్లీ చేసినట్టు లెక్కించేవి) కావు, ఒకటే. వేడి ప్రయోగంలో ఒక గది 38 డిగ్రీలు, ఇంకో గది 25 డిగ్రీలు పెడితే, లోపల నలభై కుండీలున్నా మీ చేతిలో ఉన్నది గదికొక పునరావృత్తే. గదులు మార్చి ప్రయోగం మళ్లీ చేయాలి. 1984లో హర్ల్‌బర్ట్ ఈ పొరపాటును పేరు పెట్టి మరీ ఎత్తిచూపాడు. ఇప్పటికీ వస్తూనే ఉంది.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు: మొక్కకు స్పర్శ తెలుస్తుంది. తరచూ తాకితే, ఊపితే మొక్కలు పొట్టిగా, గట్టిగా పెరుగుతాయని 1970ల్లోనే చూపించారు. 1990లో బ్రామ్, డేవిస్ అరబిడాప్సిస్‌లో తాకిన అరగంటలోపే కొన్ని జన్యువులు చురుగ్గా పనిచేయడం మొదలుపెడతాయని తేల్చారు. కాబట్టి ఎండబెడుతున్న కుండీలను మాత్రమే రోజూ ఎత్తి తూచి, కంట్రోల్ మొక్కలను (పోలిక కోసం మామూలుగా నీళ్లు పోసేవాటిని) కదలనివ్వకుండా ఉంచకూడదు. అన్నింటినీ ఎత్తాలి, అన్నింటినీ తూచాలి.

ఆకును అడగడం

సాపేక్ష నీటి శాతం, అంటే ఆకు పట్టగలిగిన నీటిలో ఇప్పుడు ఎంత శాతం ఉందన్నది, చౌకైన, నమ్మదగిన కొలత, ఓపిగ్గా చేస్తే. పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును ఎంచుకోండి, ప్రతి మొక్కలోనూ అదే స్థానం ఆకు. కోసిన క్షణంలోనే ముందుగా తూచి పెట్టుకున్న మూత గొట్టంలో వేసి, మూత బిగించి, చల్లటి పెట్టెలో పెట్టండి. తూకానికి వెళ్లేదాకా ఆకు చేతిలో పట్టుకుని తిరిగితే నీళ్లు దారిలోనే పోతాయి. పచ్చి బరువు తీశాక, స్వేదనజలంలో 4 గంటలు, గది ఉష్ణోగ్రత దగ్గర, మసక వెలుతురులో తేలనివ్వండి. తీసి, వడపోత కాగితాల మధ్య మెల్లగా అద్ది, తూచండి: అది నిండు బరువు. 80 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా, మామూలుగా ఒకటి రెండు రోజులు ఎండబెడితే ఎండు బరువు. పచ్చి బరువు 0.84, నిండు బరువు 1.00, ఎండు బరువు 0.20 గ్రాములైతే, 0.64ను 0.80తో భాగించి 80 శాతం.

ఇందులో దాగిన ముల్లు ఒకటుంది. బెట్టకు అలవాటుపడిన మొక్కలు కణాల్లో చక్కెరలు, లవణాలు పోగుచేసుకుంటాయి. అలాంటి ఆకును స్వేదనజలంలో వేస్తే మామూలుకంటే ఎక్కువ నీరు పీల్చుకుంటుంది, నిండు బరువు పెరుగుతుంది, చివరికి నీటి శాతం తక్కువగా కనబడుతుంది. అంటే బాగా సర్దుకున్న మొక్కే ఎక్కువ ఎండినట్టు తేలుతుంది. గోధుమ, బార్లీల్లో ఇది 2008లో స్పష్టంగా చూపించారు. నిండు బరువును ఎండు బరువుతో భాగించి చూడండి. ఆ నిష్పత్తి కంట్రోల్ మొక్కల కంటే బెట్ట మొక్కల్లో బాగా పెరిగితే అనుమానించండి.

మీ దగ్గర ప్రెజర్ చాంబర్ (కోసిన ఆకును వాయు పీడనంతో నొక్కి, అందులో నీటి శక్మం కొలిచే పరికరం) ఉంటే తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవండి. తెల్లవారుజాము కొలత వేళ్ల దగ్గరి నేల సంగతి చెబుతుంది, మధ్యాహ్నం కొలత మొక్క పడుతున్న శ్రమ చెబుతుంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, కాడ చివరను చూస్తూ మొహం నేరుగా పైన పెట్టకండి. లోపల ఉన్నది అధిక పీడన వాయువు.

క్లోరోఫిల్ ఫ్లోరోసెన్స్ యంత్రం (ఆకులోని పత్రహరితం తిరిగి వెదజల్లే వెలుగును కొలిచి, కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం ఎంత బాగుందో చెప్పేది) చేతిలో ఉంటే దాన్ని వాడాలనిపించడం సహజం. ఆకును 20, 30 నిమిషాలు చీకట్లో ఉంచాక ఆరోగ్యంగా ఉన్న ఆకు 0.83 దగ్గర అంకె చూపుతుంది. బెట్టలో ఆ అంకె చాలా ఆలస్యంగా పడుతుంది. మొక్క రంధ్రాలు మూసి, ఎదుగుదల ఆపి, ఆకులు వేలాడేసినా 0.80 దగ్గరే నిలబడి ఉండొచ్చు. వేడి ప్రయోగాల్లో మాత్రం అది మంచి సాక్షి.

ప్రోలిన్ మోజు

బెట్ట మీద వచ్చే ప్రతి మూడో వ్యాసంలోనూ ప్రోలిన్ (ఒక అమైనో ఆమ్లం) పట్టిక ఒకటి ఉంటుందని నాకనిపిస్తుంది. వాడిన గడ్డిలో ప్రోలిన్ పేరుకుంటుందని 1954లోనే గమనించారు, 1973 నాటి బేట్స్ పద్ధతి సులువు కాబట్టి అందరూ చేస్తున్నారు. 3 శాతం సల్ఫోశాలిసిలిక్ ఆమ్లంలో నూరడం, నిన్‌హైడ్రిన్‌తో గంటసేపు మరిగించడం, టోలీన్‌లోకి లాగి 520 నానోమీటర్ల దగ్గర చదవడం. టోలీన్ పనంతా ఫ్యూమ్ హుడ్ లోపలే.

చేయొద్దనను. రెండు షరతులు పెడతాను. ఒకటి, ఎండు బరువు మీద లెక్క కట్టండి. 80 శాతం నీరున్న ఆకు ఒక గ్రాములో 0.2 గ్రాముల ఎండు పదార్థం ఉంటుంది. ఆ ఆకు 60 శాతానికి ఎండితే అదే గ్రాములో 0.4 గ్రాములు. మొక్క ఒక్క అణువు కూడా కొత్తగా తయారుచేయకపోయినా పచ్చి బరువు లెక్కలో ప్రోలిన్ రెట్టింపైపోయింది! రెండు, ఎక్కువ ప్రోలిన్ ఉన్న రకమే గట్టిదని తీర్మానించకండి. ఎక్కువ దెబ్బతిన్న రకం కూడా ఎక్కువ ప్రోలిన్ చూపించొచ్చు. రెండు రకాలనూ ఒకే నీటి శాతం దగ్గర పోల్చినప్పుడే ఆ మాటకు అర్థం. కణాల కొవ్వు పొరలు దెబ్బతిన్నాయని చూపే ఎండీఏ (మలోన్‌డయాల్డిహైడ్) పరీక్షకు కూడా ఇలాంటిదే ఒక చిక్కు: 532 నానోమీటర్ల దగ్గర చక్కెరలు, ఊదారంగు ఆంథోసయనిన్లు కూడా వెలుగును పీల్చుకుంటాయి, బెట్టలో ఆ రెండూ పెరుగుతాయి. 600 దగ్గర చదివి తీసేయడంతో సరిపోదు. 1999లో వచ్చిన సవరణ పద్ధతి వాడండి.

జన్యువుల కోసం ఆకులు తీస్తుంటే అన్నీ ఒకే వేళకు తీసి, కోసిన వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచండి. ఒత్తిడికి స్పందించే జన్యువుల్లో చాలావాటికి రోజులో తమ తమ వేళలుంటాయి. ఉదయం కంట్రోల్‌నూ మధ్యాహ్నం బెట్టనూ తీస్తే మీరు గడియారాన్ని కొలిచినట్టే. మారవని మనం నమ్మే ఆధార జన్యువులు కూడా బెట్టలో మారతాయి, ముందే పరీక్షించుకోండి.

వేరే ఒత్తిళ్లు, కొద్దిగా

ఉప్పు ప్రయోగంలో ఒక్కసారే మొత్తం పోయకండి. 100 మిల్లీమోలార్ అంటే లీటరుకు 5.84 గ్రాముల సోడియం క్లోరైడ్. రోజుకు 25 లేదా 50 చొప్పున మెట్లుగా పెంచండి. ఒక్కసారే పోస్తే అది చౌడు కాదు, దెబ్బ. మొదటి రోజుల్లో ఎదుగుదల తగ్గడానికి కారణం ఉప్పు విషం కాదు, నీరు అందకపోవడం. సోడియం ముసలి ఆకుల్లో పేరుకుని వాటిని మాడ్చడం తర్వాతి దశ, అందుకు వారాలు పట్టొచ్చు. రెండు రోజుల ప్రయోగం చేసి "సోడియాన్ని తట్టుకునే రకం" అని ప్రకటించేవాళ్లు మొదటి దశనే చూశారు. పోషక ద్రావణంలో కాల్షియం తగినంత ఉండాలి, లేకపోతే కాల్షియం లోపమూ ఉప్పూ కలిసిపోతాయి.

వేడి ప్రయోగంలో గాలి ఉష్ణోగ్రతతో ఆగకండి, ఆకు ఉష్ణోగ్రత కొలవండి. నీళ్లున్న మొక్క రంధ్రాలు తెరిచి ఆకును గాలికంటే చల్లగా ఉంచుకోగలదు. గదిలో తేమ ఎక్కువైతే ఆ చల్లదనం పోతుంది. పైగా వేడి గదిలో కుండీలు త్వరగా ఎండుతాయి కాబట్టి, నీళ్లు తూచి పోయకపోతే వేడి ప్రయోగం చెప్పకుండానే బెట్ట ప్రయోగమైపోతుంది. వేడినీ బెట్టనూ కావాలని కలిపితే వచ్చే జవాబు రెండింటి మొత్తం కాదు. 2004లో అరబిడాప్సిస్ మీద చేసిన పనిలో, బెట్టలో పేరుకున్న ప్రోలిన్ స్థానంలో, రెండూ కలిసినప్పుడు సుక్రోజ్ పేరుకుంది.

ముంపు ప్రయోగంలో నీటి లోతుతో పాటు నీటి ఉష్ణోగ్రత, వెలుతురు, కరిగిన ఆక్సిజన్ కూడా రాయండి. వాయువులు నీటిలో గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. వరిలో 2006లో గుర్తించిన సబ్1ఏ జన్యువు చేసే పని ఆశ్చర్యంగా ఉంటుంది: మునిగిన మొక్కను పైకి ఎగబాకనివ్వకుండా ఆపి, పిండి పదార్థాన్ని దాచిపెడుతుంది, అలా సుమారు రెండు వారాలు నిలుపుతుంది. మునిగి ఉన్నప్పుడు మాత్రమే ఎత్తు కొలిచేవాళ్లకు ఈ మొక్క ఓడిపోయినట్టే కనబడుతుంది. నీళ్లు తీశాక చూడాలి.

మొలకల మీద పాలిథిలీన్ గ్లైకాల్‌తో (నీటిని పట్టి ఉంచి వేళ్లకు సులువుగా అందకుండా చేసే రసాయనం) బెట్ట తెప్పిస్తారు. చాలా రకాల్లోంచి కొన్నింటిని ఏరడానికి అది పనికొస్తుంది. 6000 లేదా 8000 అణుభారం ఉన్నదే వాడండి, తక్కువ భారం ఉన్నది వేళ్లలోకి దూరుతుంది. ద్రావణం చిక్కగా ఉండి ఆక్సిజన్ అందదు కాబట్టి గాలి బుడగలు పంపాలి.

మళ్లీ నీళ్లు పోశాక

నీళ్లు పోయడం ప్రయోగంలో సగం, చాలామంది దాన్ని తోక అనుకుంటారు. ఎప్పుడు పోస్తారో ముందే రాసి పెట్టుకోండి, రోజుల్లో కాదు, మిగిలిన నీటి వంతులో. "బతికింది" అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోండి. ముదురు ఆకులు కాస్త లేచి నిలబడితే చాలా, కొత్త ఆకు విచ్చుకోవాలా? నేను కొత్త ఆకునే ఒప్పుకుంటాను. లెక్క వేసేవాళ్లకు ఏ కుండీ ఏ రకమో తెలియకుండా నంబర్లు మాత్రమే ఉంచండి, పెన్సిల్‌తో రాసిన ప్లాస్టిక్ చీటీల మీద. మార్కర్ సిరా దీపాల కింద వెలిసిపోతుంది.

చివరగా వేళ్లు. కుండీని పక్కకు పడుకోబెట్టి, తట్టి, మట్టి ముద్దను విరగకుండా బయటికి జార్చండి. పొడవును మూడు భాగాలుగా కోసి విడివిడిగా కడగండి, ఎందుకంటే బెట్టలో వేళ్ల మొత్తం బరువు మారకపోయినా లోతుకు మళ్లిన వంతు మారొచ్చు. నీళ్ల తొట్టిలో గంటసేపు నానబెట్టి, సన్నని జల్లెడ మీద మెల్లటి ధారతో కడగాలి. కుళాయి పూర్తిగా తిప్పితే సన్నని వేళ్లు నీటితోపాటు వెళ్లిపోతాయి, నీరు ఎక్కువగా పీల్చేవి అవే. కుండీకి అరగంట పడుతుందనుకుని ఆ వారం ఇంకే పనీ పెట్టుకోకండి. కడిగినవాటిని కాగితం సంచుల్లో వేసి, సంచి మీద కుండీ నంబరూ పొరా రాసి, 70 డిగ్రీల ఓవెన్‌లోకి.